మూత్ర సమస్యలున్న పిల్లికి ఆహారం

పెంపుడు పిల్లుల్లో మూత్రాశయానికీ, అక్కడి నుంచి మూత్రాన్ని బయటికి తెచ్చే ప్రసేకానికీ వచ్చే జబ్బులన్నిటినీ కలిపి పశువైద్యులు కింది మూత్రమార్గ వ్యాధి అంటారు. క్లినిక్‌లలో వినబడే పొట్టిపేరు ఎఫ్‌ఎల్‌యూటీడీ. నిజానికి ఇది అనేక జబ్బులకు పెట్టిన ఉమ్మడి పేరు. కారణం తెలియని మూత్రాశయపు వాపు, రాళ్లు, గండు పిల్లుల ప్రసేకంలో అడ్డుపడే బిరడాలు, బాక్టీరియా ఇన్‌ఫెక్షన్, అరుదుగా కంతులు, అన్నీ దీని కిందికే వస్తాయి. బయటికి కనబడే లక్షణాలు మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే. పిల్లి మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌కు పోతుంది, ముక్కుతూ చాలాసేపు కూర్చుని రెండు చుక్కలు పోసి లేస్తుంది, మూత్రంలో రక్తం కనబడుతుంది, పోసేటప్పుడు అరుస్తుంది, పరుపు మీదా బాత్రూం గచ్చు మీదా పోస్తుంది, వెనక భాగాన్ని అదేపనిగా నాకుతుంది.

వీటిలో కొన్నిటికి ఆహారమే మందు. కొన్నిటికి అది మందుకు తోడు. ఒక రకం రాయిని కరిగించే ఆహారం ఇంకో రకం రాయి పెరగడానికి దారి తీయగలదు. కాబట్టి ఇలాంటి పిల్లికి ఏం పెట్టాలన్న ప్రశ్నకు సరైన జవాబు జబ్బు ఏదో తేలాకే దొరుకుతుంది. జబ్బు ఏదైనా మారని సూత్రం ఒకటుంది: ఆ పిల్లి ఒంట్లోకి ఇప్పటికంటే ఎక్కువ నీరు చేరాలి.

ఎడారి వారసత్వం

ఇంటి పిల్లి పూర్వీకురాలు ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల పొడి నేలల్లో బతికే జంతువు. సైప్రస్ దీవిలో మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం సుమారు 9,500 ఏళ్ల నాటిది. అంటే మనతో పిల్లి సహవాసం చాలా పాతదే అయినా, దాని మూత్రపిండాలు మాత్రం ఆ పొడి నేలల అలవాటును వదులుకోలేదు. నీటిని ఒంట్లోనే అట్టిపెట్టుకుని, మలినాలను చాలా చిక్కని మూత్రంగా పంపడంలో పిల్లి మూత్రపిండం ఎంతో సమర్థమైనది. నీటితో పోల్చి మూత్రపు చిక్కదనాన్ని చెప్పే కొలతను విశిష్ట గురుత్వం అంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో అది 1.035 దాటి ఉండటం మామూలే. 1.060, అంతకు పైన కూడా కనిపిస్తుంది.

అడవిపిల్లికి ఇది ఇబ్బంది కాలేదు. అది వేటాడి తినే ఎలుకలో, పిట్టలో బరువులో దాదాపు 70 శాతం నీరే. తిండితోనే దప్పిక తీరిపోయే ఈ జంతువుకు గిన్నె వెతుక్కుంటూ వెళ్లేంత దాహం పుట్టదు. 20వ శతాబ్దంలో పిల్లి జీవితం మారింది. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లోవ్ అనే వ్యాపారి పిల్లులు మలమూత్రాలు విసర్జించడానికి బంకమట్టి గుళికలను అమ్మడం మొదలుపెట్టాక, పిల్లిని రోజంతా ఇంట్లోనే ఉంచడం తేలికైంది. తర్వాతి దశాబ్దాల్లో గుళికల రూపంలో డ్రై ఫుడ్ వ్యాపించింది. కదలిక తగ్గింది, బరువు పెరిగింది, తిండిలో నీరు పోయింది.

ఈ తేడా ఎంతో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. నాలుగు కిలోల పెద్ద పిల్లికి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు చాలు. డ్రై ఫుడ్‌లో అది 55 గ్రాములకు కాస్త అటూఇటూగా వస్తుంది. అందులో నీరు 5 గ్రాములకు మించదు. అదే శక్తి వెట్ ఫుడ్ నుంచి రావాలంటే 220 నుంచి 240 గ్రాములు పెట్టాలి. అందులో 75 నుంచి 80 శాతం నీరే కనుక 165 మిల్లీలీటర్ల పైన నీరు తిండితోపాటే లోపలికి పోతుంది. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలో నీళ్లు ఎక్కువే తాగుతుంది, నిజమే. అయినా ఆ లోటు పూర్తిగా పూడదు. అన్నీ కలిపి లెక్కిస్తే దాని ఒంట్లోకి చేరే నీరు వెట్ ఫుడ్ తినే పిల్లికంటే తక్కువగానే ఉంటుంది. మూత్రం చిక్కబడి, ఖనిజాలు దగ్గరదగ్గరగా చేరి, స్ఫటికాలు కట్టడానికి అవకాశం ఏర్పడుతుంది.

ముందు జబ్బు పేరు

మూత్ర లక్షణాలతో క్లినిక్‌కు వచ్చే పిల్లుల్లో సగానికి పైగా వాటిలో రాయీ ఉండదు, ఇన్‌ఫెక్షనూ ఉండదు. కారణం తెలియని ఈ మూత్రాశయపు వాపును ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. రాళ్లు, బిరడాలు ఆ తర్వాతి స్థానంలో ఉంటాయి. పదేళ్లలోపు పిల్లుల్లో బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ అరుదు. మనుషుల్లో మూత్రంలో మంట అనగానే ఇన్‌ఫెక్షన్ గుర్తుకు వస్తుంది కనుక పిల్లికీ మొదట యాంటీబయాటిక్ వేసే అలవాటు ఉంది. చాలా సందర్భాల్లో అది అనవసరం. ముసలి పిల్లుల్లోనూ, మూత్రపిండాల జబ్బు, మధుమేహం, థైరాయిడ్ ఎక్కువ కావడం వంటివి ఉన్న పిల్లుల్లోనూ ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. వాటికి మూత్రం కల్చర్ చేయించి మందు ఎంచుకోవాలి. అక్కడ ఆహారానిది చిన్న పాత్ర.

మూత్ర పరీక్ష, ఎక్స్‌రే, వీలైతే అల్ట్రాసౌండ్, ఈ మూడూ కలిసి జబ్బును తేలుస్తాయి. పిల్లుల్లో ఎక్కువగా వచ్చే రెండు రకాల రాళ్లు, స్ట్రువైట్, కాల్షియం ఆక్సలేట్, ఎక్స్‌రేలో కనబడతాయి. యూరేట్ రాళ్లు కనబడకపోవచ్చు, వాటికి అల్ట్రాసౌండ్ కావాలి. మూత్రాన్ని తాజాగా, గంటలోపే చూడటం ముఖ్యం. ఫ్రిజ్‌లో పెట్టిన మూత్రంలో, ఆలస్యంగా చూసిన మూత్రంలో లేని స్ఫటికాలు కొత్తగా పుడతాయి. ఇంకో విషయం కూడా తెలియాలి: మూత్రంలో కొద్దిపాటి స్ఫటికాలు కనబడటం ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ మామూలే. ఏ లక్షణమూ లేని పిల్లికి స్ఫటికాల రిపోర్టు ఒక్కటి చూసి చికిత్స ఆహారం మొదలుపెట్టడానికి సాధారణంగా కారణం లేదు.

మూత్రం ఆగిపోయినప్పుడు

గండు పిల్లి ప్రసేకం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. జిగురు పదార్థమూ స్ట్రువైట్ స్ఫటికాలూ కలిసి కట్టిన బిరడాయో, చిన్న రాయో అక్కడ ఇరుక్కుంటే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఒంట్లో విషాలు పేరుకుంటాయి, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతింటుంది. చికిత్స అందకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఈ దశలో ఆహారం మార్చి చూడటం, బార్లీ నీళ్లు తాగించడం, తెల్లారేదాకా ఆగడం ప్రమాదకరం. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని పొరబడతారు. గండు పిల్లి మళ్లీ మళ్లీ ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే, వాంతులు చేసుకుని నీరసపడితే, ఏ వేళైనా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కాథెటర్ వేసి అడ్డు తీశాక, సెలైన్‌తో కోలుకున్నాక, అప్పుడే ఆహారం సంగతి.

బూడిద నుంచి పీహెచ్ దాకా

ఈ రంగంలో ఆలోచనలు ఎలా మారాయో తెలిస్తే నేటి సలహాలకు కారణం అర్థమవుతుంది. 1970ల్లో మూత్ర జబ్బులన్నిటికీ తిండిలోని బూడిద కారణమని నమ్మేవారు. బూడిద అంటే ఆహారాన్ని కాల్చాక మిగిలే మొత్తం ఖనిజాల లెక్క. తర్వాత దృష్టి మెగ్నీషియం మీదికి మళ్లింది. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం కనుక ఆ అనుమానం సహజమే. ప్రయోగాల్లో మెగ్నీషియం బాగా ఎక్కువ కలిపి పెడితే పిల్లుల్లో అడ్డంకులు ఏర్పడ్డాయి కూడా. అయితే 1980ల్లో ఒక ముఖ్యమైన తేడా బయటపడింది. మెగ్నీషియం ఆక్సైడ్ రూపంలో ఇస్తే మూత్రం క్షారంగా మారి స్ఫటికాలు కడుతున్నాయి. అదే మెగ్నీషియం క్లోరైడ్ రూపంలో ఇస్తే మూత్రం ఆమ్లంగానే ఉండి స్ఫటికాలు కట్టడం లేదు. స్ట్రువైట్‌కు మెగ్నీషియం మోతాదు కంటే మూత్రం పీహెచ్, అంటే ఆమ్ల క్షారాల కొలత, ముఖ్యమని అలా తేలింది.

దాంతో కంపెనీలు పిల్లుల ఆహారంలో మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా ఉంచేలా తయారీ మార్చాయి. స్ట్రువైట్ తగ్గింది. ఇంకో రాయి పెరిగింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1981లో మొదలైన రాళ్ల పరీక్ష కేంద్రం లెక్కలు ఈ మార్పును స్పష్టంగా చూపిస్తాయి. 1981లో అక్కడికి వచ్చిన పిల్లి రాళ్లలో సుమారు 78 శాతం స్ట్రువైట్, 2 శాతం మాత్రమే కాల్షియం ఆక్సలేట్. 1990ల మధ్య నుంచి 2002 దాకా చూస్తే కాల్షియం ఆక్సలేట్ సగం దాటింది. ఈ పెరుగుదలకు ఆహారం ఒక్కటే కారణమని చెప్పలేం. పిల్లులు ఎక్కువ కాలం బతకడం, లావెక్కడం, ఇంట్లోనే ఉండటం కూడా కలిశాయి. అయినా మూత్రాన్ని మరీ ఆమ్లంగా మార్చడంలో ముప్పు ఉందని ఆ లెక్కలు నేర్పాయి. ఎముకల్లోని కాల్షియం కరిగి మూత్రంలోకి ఎక్కువగా వస్తుంది, ఆక్సలేట్‌తో కలుస్తుంది. ఆ తర్వాత ఆహారాలను మళ్లీ సరిదిద్దారు.

పీహెచ్ ఒక్క అంకెతో సరిపెట్టుకోకుండా, మూత్రంలో కరిగివున్న ఖనిజాలన్నిటినీ కొలిచి రాయి కట్టే అవకాశాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. సాపేక్ష అతిసంతృప్తత అని దాన్ని పిలుస్తారు. స్ట్రువైట్‌కు ఈ విలువ 1 కంటే తక్కువ ఉంటే రాయి కట్టదు, ఉన్నది కరగడం మొదలవుతుంది.

కరిగే రాయి

పిల్లుల్లో స్ట్రువైట్ రాయి చాలావరకు ఇన్‌ఫెక్షన్ లేకుండానే కడుతుంది. కుక్కల్లో దీనికి భిన్నంగా ఇన్‌ఫెక్షన్‌తో కలిసి వస్తుంది. పిల్లి స్ట్రువైట్‌కు ఆపరేషన్ అవసరం తక్కువ. తిండితో కరిగించవచ్చన్నది పశువైద్యంలో నిజంగా గర్వించదగ్గ విజయం. మిన్నెసోటాలో కార్ల్ ఆస్‌బర్న్ బృందం 1980ల్లో దీన్ని నిరూపించింది. అమెరికా పశువైద్య అంతర్గత వైద్య నిపుణుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, అడ్డు లేనంతవరకు స్ట్రువైట్ అనిపించే రాయిని కోసి తీయడానికి ముందు కరిగించి చూడమంటాయి.

కరిగించే ఆహారంలో మెగ్నీషియం, భాస్వరం పరిమితంగా ఉంటాయి. అది మూత్రం పీహెచ్ 6.0 నుంచి 6.3 ప్రాంతంలో ఉండేలా చేస్తుంది. మూత్రం ఎక్కువగా వచ్చేలా కొన్నిటిలో ఉప్పు కాస్త ఎక్కువ వేస్తారు. రాళ్లు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో కరుగుతాయి, కొన్ని పిల్లుల్లో వారం రోజుల్లోనే ఫలితం కనబడుతుంది. మన దేశంలో రాయల్ కానిన్, హిల్స్, ఫార్మినా వంటి కంపెనీల యూరినరీ ఆహారాలు పశువైద్యుల ద్వారా దొరుకుతాయి. చిన్న ఊళ్లలో ఎక్కువగా డ్రై రకమే దొరుకుతుంది. అదొక్కటే ఉంటే దాన్నే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పెట్టడం మంచిది.

ఇక్కడ ఎక్కువమంది విఫలమయ్యేది ఒకే చోట. చికిత్స ఆహారం పెడుతూనే పక్కన చేప ముక్క, పాలు, మామూలు గుళికలు, బిస్కెట్ పెడతారు. మూత్రంలోని ఖనిజాల సమతుల్యం ఆ చిన్న చిరుతిండితోనే మారిపోతుంది. కరిగించే రోజుల్లో ఆ ఆహారం, నీళ్లు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. నాలుగు వారాలకు ఎక్స్‌రే తీస్తారు. రాయి కనబడకుండా పోయాక కూడా కంటికి ఆనని ముక్కలు కరిగేందుకు మరికొన్ని వారాలు కొనసాగిస్తారు. రాయి ఏమాత్రం చిన్నది కాకపోతే, ఇంట్లోవాళ్లు నియమం తప్పలేదని నిర్ధారించుకున్నాక, అది ఆక్సలేట్ అయి ఉంటుందని భావిస్తారు.

పెరిగే కూనలకు, కడుపుతో ఉన్న పిల్లులకు, పాలిచ్చే పిల్లులకు ఇలా మూత్రాన్ని ఆమ్లం చేసే ఆహారం పెట్టకూడదు. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, బీపీ ఉన్న పిల్లులకు డాక్టర్ చూసి చెప్పాలి. అమ్మోనియం క్లోరైడ్, మెథియోనిన్ వంటి ఆమ్లకారక మందులను ఈ ఆహారానికి అదనంగా సొంతంగా కలపడం రక్తాన్నే ఆమ్లం చేసేంత ప్రమాదానికి దారి తీస్తుంది.

కరగని రాయి

కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే ఆహారం ఇప్పటిదాకా లేదు. దాన్ని తీసేయాలి, మళ్లీ రాకుండా చూసుకోవాలి. నడివయసు దాటిన పిల్లుల్లో, మగవాటిలో, పర్షియన్, హిమాలయన్, బర్మీస్ జాతుల్లో ఇది ఎక్కువ. రక్తంలో కాల్షియం పెరిగిన పిల్లుల్లోనూ వస్తుంది. అందుకే ఈ రాయి కనబడిన ప్రతి పిల్లికీ రక్తంలో కాల్షియం చూడాలి.

దీని ఆహార సూత్రాలు స్ట్రువైట్‌కు దాదాపు ఎదురుగా ఉంటాయి. మూత్రం మరీ ఆమ్లం కాకూడదు. పీహెచ్ 6.5 పైన ఉండేలా చూస్తారు, అవసరమైతే పొటాషియం సిట్రేట్ ఇస్తారు. విటమిన్ సి మాత్రలు, చుక్కల మందులు అసలు వద్దు. పిల్లి తనకు కావలసిన విటమిన్ సి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. బయటి నుంచి ఇచ్చింది ఆక్సలేట్‌గా మారి మూత్రంలో చేరుతుంది. విటమిన్ డి ఎక్కువైతే కాల్షియం పెరుగుతుంది. విటమిన్ బి6 లోపిస్తే ఒంట్లో ఆక్సలేట్ పుట్టడం ఎక్కువవుతుంది. కాల్షియాన్ని పూర్తిగా తగ్గించేయడం కూడా తప్పే, ఎందుకంటే పేగులో ఆక్సలేట్‌ను పట్టి ఉంచడానికి కొంత కాల్షియం కావాలి. అన్నిటికంటే గట్టి రక్షణ పలచటి మూత్రం. నీరు ఎక్కువగా ఉన్న ఆహారం తినే పిల్లుల్లో ఆక్సలేట్ ముప్పు బాగా తక్కువని 2001లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. 2016 మార్గదర్శకాలు మూత్రపు విశిష్ట గురుత్వాన్ని 1.030 కంటే కిందికి దించమన్నాయి.

యూరేట్ రాళ్లు చాలా కొద్ది పిల్లుల్లో కనబడతాయి. వాటి విషయంలో కాలేయం, చిన్న చేపలు వంటి ప్యూరిన్లు ఎక్కువున్న తిండి తగ్గించాలి, కాలేయపు రక్తనాళాల్లో పుట్టుకతో లోపం ఉందేమో చూడాలి.

రాయి లేని మంట

ఇడియోపతిక్ సిస్టైటిస్‌కు మూలం మూత్రాశయంలో ఒక్కచోటే లేదు. ఒత్తిడికి ఒళ్లంతా అతిగా స్పందించే పిల్లుల్లో మూత్రాశయపు పొర దెబ్బతిని మంట, రక్తం వస్తాయి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్‌టన్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేసి, 2011లో దీనికి పండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, ఇంట్లో పెళ్లి సందడి, దీపావళి టపాకాయలు, ఏదైనా ఇలాంటి పిల్లికి కారణం కావచ్చు. పెద్ద పండుగ తర్వాత నాలుగైదు రోజులకు మూత్రంలో రక్తం పడితే ఈ కోణం నుంచి ఆలోచించాలి.

ఆహారం ఇందులో రెండు విధాల పనికొస్తుంది. ఒకటి నీరు. బఫింగ్‌టన్ కూడా సభ్యుడిగా ఉన్న బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జబ్బున్న పిల్లులకు ఏడాదిపాటు యూరినరీ ఆహారం పెట్టారు. డబ్బాలో వచ్చే వెట్ రకం తిన్న 18 పిల్లుల్లో 16 మళ్లీ జబ్బు పడలేదు. డ్రై రకం తిన్న 28లో 17 మాత్రమే అలా ఉండగలిగాయి. మొదటి గుంపులో 11 శాతానికే జబ్బు తిరగబెట్టగా రెండో గుంపులో అది 39 శాతం. రెండోది ఒమేగా-3 కొవ్వులు, యాంటీఆక్సిడెంట్లు. వీటిని చేర్చిన ఆహారం మీద 2015లో వచ్చిన ఏడాది కాలపు ప్రయోగంలో జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. పాల నుంచి తీసిన ఆల్ఫా-కాసోజెపైన్, ట్రిప్టోఫాన్ కలిపి ఆందోళన తగ్గించే ఆహారాలూ వచ్చాయి, వాటి ఫలితాలు అంత గట్టివి కావు.

అయితే ఆహారాన్ని హఠాత్తుగా మార్చడం కూడా ఇలాంటి పిల్లికి ఒత్తిడే. దీనికి ఎప్పుడూ ఒకే వేళకు, ఒకే చోట, వేరే పిల్లులు కళ్లలో కళ్లు పెట్టి చూడని మూల పెట్టాలి. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ లిట్టర్ బాక్స్‌లు పెట్టాలన్న నియమం, ఆడుకోవడానికి కొంత సమయం, ఎక్కి కూర్చోవడానికి ఎత్తు, ఇవన్నీ తిండితో సమానంగా పనిచేస్తాయి. మంచి ఆహారం పెట్టి ఇవి వదిలేస్తే ఫలితం సగమే.

నీళ్లు తాగించే మార్గాలు

ఏ రకం జబ్బుకైనా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే కనుక దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మొదటి మార్గం వెట్ ఫుడ్. మొత్తం వెట్ ఫుడ్ పెట్టే స్తోమత లేనివాళ్లు ఒక పూట పౌచ్, ఇంకో పూట డ్రై పెట్టినా మేలే. పౌచ్‌లో రెండు మూడు చెంచాల నీళ్లు అదనంగా కలపవచ్చు, పిల్లి అలవాటుపడేకొద్దీ పెంచవచ్చు.

రెండో మార్గం నీళ్లకే రుచి తేవడం. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వేయకుండా కోడి ముక్కలు ఉడికించిన నీళ్లు చల్లార్చి పెడితే చాలా పిల్లులు ఆత్రంగా తాగుతాయి. అయితే స్ట్రువైట్ కరిగించే రోజుల్లో ఇది కూడా డాక్టర్‌ను అడిగాకే. గిన్నె వెడల్పుగా, మీసాలు తగలకుండా, అంచుదాకా నిండి ఉండాలి. తిండి గిన్నెకూ లిట్టర్ బాక్స్‌కూ దూరంగా, ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టాలి. కొన్ని పిల్లులు పారే నీళ్లే తాగుతాయి, కుళాయి దగ్గర కూర్చుని ఎదురుచూస్తాయి. అలాంటివాటికి బ్యాటరీతో నడిచే ఫౌంటెన్ నచ్చుతుంది, మిగతావాటికి దానితో పెద్ద తేడా ఉండదు. మన ఏప్రిల్, మే ఎండల్లో గిన్నెలో నీళ్లు వేడెక్కుతాయి. పూటకోసారి మార్చి, మట్టి మూకుడులో పోసి నీడన పెడితే బాగా తాగుతాయి.

బోరు నీళ్లు రాళ్లు తెస్తాయని చాలామందికి భయం. పిల్లి ఒంట్లోకి ఖనిజాలు ప్రధానంగా వచ్చేది తిండి నుంచే. తాగే నీళ్ల రకం కంటే తాగిన నీళ్ల పరిమాణం ముఖ్యం. ఇంట్లో మీరు తాగే నీళ్లే దానికీ పెట్టండి.

దాహం పెంచడానికి తిండిలో ఉప్పు చల్లడం కొందరి అలవాటు. తయారీలో కొలిచి వేసిన ఉప్పుకూ వంటింట్లో చేత్తో చల్లిన ఉప్పుకూ తేడా ఉంది. బయటికి తెలియని మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లికి అది చేటు.

మన వంటిళ్లలోని తిండి

తెలుగు ఇళ్లలో పిల్లి తిండి చాలాకాలంగా పాలన్నం, పెరుగన్నం, చేప తలలు, కోడి వ్యర్థాలు. పెరట్లో ఎలుకలు పట్టి తినే పిల్లికి ఈ అన్నం పైపైన దొరికేదే కనుక లోటు తెలియలేదు. అపార్ట్‌మెంట్‌లో నాలుగు గోడల మధ్య ఉండే పిల్లికి అదే పూర్తి ఆహారమైతే చిక్కు మొదలవుతుంది. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే అమైనో ఆమ్లం దానికి మాంసం నుంచే రావాలి. టారిన్ లోపిస్తే కంటిపొర చెడుతుందని 1975లో, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. అన్నం, పప్పు వంటి మొక్కల తిండి మూత్రాన్ని క్షారం వైపు తీసుకెళ్తుంది. మాంసంలోని గంధకపు అమైనో ఆమ్లాలు మూత్రాన్ని ఆమ్లంగా ఉంచుతాయి. శాకాహార కుటుంబాలు పిల్లిని పెంచవచ్చు, దాన్ని మాత్రం శాకాహారిగా చేయకూడదు.

పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలై ఒంట్లో నీరే పోతుంది. నీళ్లకు బదులుగా పాలు పెట్టడం ఈ జబ్బులో తప్పు. ఎండుచేపల్లో ఉప్పు, ఎముకతో వచ్చే ఖనిజాలు రెండూ ఎక్కువ. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, పులుసు పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించిన కోడి మాంసం ఒక్కటే రోజూ పెట్టడం కూడా సరికాదు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. ఇంట్లోనే వండిపెట్టాలనుకుంటే రాయి రకం చెప్పి పశుపోషణ తెలిసిన వైద్యుల చేత కొలతలు రాయించుకోవాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ తిరుపతిలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దగ్గరలో ఉన్నవాళ్లు అక్కడ అడగవచ్చు.

మనుషుల రాళ్లకు వాడే కొండపిండి ఆకు, ఉలవకట్టు, రాళ్ల సిరప్పులు పిల్లికి పోయడం కనబడుతుంది. పిల్లుల్లో వీటి ఫలితానికి ఆధారం లేదు. క్రాన్‌బెర్రీ సంగతీ అంతే. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ ఇవ్వడం ఘోరమైన పొరపాటు. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనుషుల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి చనిపోతుంది.

మార్చే పద్ధతి, కొలత, పరీక్షలు

కొత్త ఆహారాన్ని ఏడు నుంచి పది రోజుల్లో మెల్లగా తేవాలి. పాతదానిలో నాలుగో వంతు కొత్తది కలపడంతో మొదలుపెట్టి, పిల్లి తింటున్న తీరు చూసి పెంచాలి. చిన్నప్పటి నుంచి గుళికలే తిన్న పిల్లి మెత్తటి తిండిని మొదట వాసన చూసి వదిలేస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసింది నేరుగా పెట్టకుండా కాస్త వెచ్చబరిస్తే వాసన వచ్చి దగ్గరికి వస్తుంది. ‘ఆకలైతే అదే తింటుంది’ అని పస్తు పెట్టకూడదు. రెండు మూడు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం వస్తుంది. ఒంట్లో బాగాలేనప్పుడు, ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొత్త తిండి మొదలుపెడితే ఆ నొప్పిని ఆ రుచితో ముడిపెట్టుకుని తర్వాత ముట్టదు. ఇంటికొచ్చి కుదుటపడ్డాక మొదలుపెట్టడం మేలు.

తిన్న తర్వాత కడుపులో ఆమ్లం ఊరుతుంది, దానికి బదులుగా రక్తంలోనూ మూత్రంలోనూ క్షారం కొంతసేపు పెరుగుతుంది. పెద్ద పూట పెడితే ఈ పెరుగుదల ఎక్కువ. స్ట్రువైట్ పిల్లికి అదే కొలతను నాలుగు చిన్న పూటలుగా పెట్టడం మంచిది. గిన్నె నిండా పోసి రోజంతా ఉంచేస్తే లావెక్కుతుంది. లావు ఈ జబ్బులన్నిటికీ తోడయ్యే ముప్పు. వంటింటి తూకంతో గ్రాములు చూసి పెట్టండి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఎవరి గిన్నె వాళ్లదిగా, గది తలుపు వేసి పెట్టక తప్పదు.

లిట్టర్‌లో రోజుకు కట్టే ముద్దల సంఖ్య, పరిమాణం గమనిస్తే చాలా తెలుస్తుంది. చిన్న చిన్న ముద్దలు ఎక్కువైతే మంట తిరగబెడుతోందని, ముద్దలే లేకపోతే అడ్డు పడిందని అర్థం. ఆహారం మార్చిన నాలుగు వారాలకు మూత్రం చూపించాలి, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించాలి. ఆక్సలేట్ రాయి తీయించిన పిల్లికి లక్షణాలు లేకపోయినా ఆరు నెలలకోసారి ఎక్స్‌రే తీయించండి. రాయి మళ్లీ కట్టినా చిన్నగా ఉన్నప్పుడే దొరికితే, ముఖ్యంగా ఆడ పిల్లుల్లో, మత్తు ఇచ్చి మూత్రాశయాన్ని సెలైన్‌తో నింపి కోత లేకుండానే బయటికి పంపవచ్చు.